గ్రూపులోకి పిలవండి, లాగేయకండి

సంపాదకులకు నమస్కారం.

నేను హైదరాబాద్ నిజాంపేటలో 214 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్ సముదాయానికి నాలుగేళ్లుగా సంఘం కార్యదర్శిగా ఉన్నాను. గత వేసవిలో మా సంఘం చేసిన ఒక పొరపాటు గురించి, దాన్ని సరిదిద్దుకునే క్రమంలో నాకు తెలిసివచ్చిన విషయాల గురించి మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. వాట్సాప్, టెలిగ్రామ్ వంటి యాప్‌లలో జనాన్ని గ్రూపుల్లో చేర్చే పనిని ఇప్పుడు నగరంలో ఎన్నో సంస్థలు కంప్యూటర్‌కు అప్పగిస్తున్నాయి. కాలనీ సంఘాలతో పాటు బడులు, కోచింగ్ సెంటర్లు, క్లినిక్కులు, ప్లాట్లు అమ్మేవాళ్లు కూడా ఇదే దారి పట్టారు. పిలుపు అందించే పనిని యంత్రానికి ఇవ్వడంలో తప్పు లేదని, అవతలి మనిషి తరఫున ఒప్పుకునే పనిని మాత్రం దానికి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

అసలు ఈ అవసరం ఎందుకు వస్తుందో ముందు చెప్పాలి. మా దగ్గర సగానికి పైగా ఫ్లాట్లలో అద్దెకున్నవాళ్లే ఉంటారు. బడులు తెరిచే జూన్‌కు ముందూ వెనకా నెలకు పదిహేను, ఇరవై కుటుంబాలు కొత్తగా దిగుతాయి, దాదాపు అన్నే ఖాళీ చేసి వెళతాయి. రేపు నల్లా నీళ్లు రావని, బోరు మోటారు కాలిపోయిందని, ట్యాంకర్ పదకొండింటికి వస్తుంది కాబట్టి అంతవరకూ నీళ్లు చూసి వాడుకోవాలని అందరికీ ఒకేసారి చెప్పడానికి గ్రూపు తప్ప మరో మార్గం లేదు. దిగినవాళ్ల నంబరు కాగితం మీద రాయించుకుని, ఫోన్‌లో సేవ్ చేసి, గ్రూపులో యాడ్ చేసి, ఖాళీ చేసినవాళ్లను వెతికి తీసేసే పని నేనే చేసేదాన్ని. ప్రతి ఆదివారం రెండు గంటలు దానికే పోయేవి. సంఘాల్లో పనిచేసేవాళ్లకు జీతం ఉండదు, ఇంటి పని తగ్గదు. ఈ చాకిరీ తగ్గితే బాగుండునని ఎవరైనా అనుకుంటే అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు.

మా కమిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక అబ్బాయి ఉన్నాడు. "ఆంటీ, మీరు ఇంత కష్టపడక్కర్లేదు, గంటలో అయిపోయే పని ఇది" అన్నాడు. అతను మంచి మనసుతోనే అన్నాడు, సరేనన్నది నేనే కాబట్టి బాధ్యత కూడా నాదే. మెయింటెనెన్స్ వసూళ్ల షీటులో, అద్దెకు దిగేటప్పుడు నింపే ఫారాల్లో, పార్కింగ్ స్టిక్కర్ల జాబితాలో, గేటు దగ్గరి సెక్యూరిటీ రిజిస్టరులో ఉన్న నంబర్లన్నీ ఒక ఎక్సెల్ షీటులోకి తెచ్చాం. రెండుసార్లు వచ్చినవి తీసేస్తే 631 నంబర్లు మిగిలాయి. కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి, దానికి ఎవరో తయారుచేసి పెట్టిన ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా చేర్చే చిన్న ప్రోగ్రాము) తగిలించి, శనివారం రాత్రి పదింటికి సంఘం నంబరు మీద నడిపించాం. అది ఒక్కో నంబరూ తీసుకుని గ్రూపులో చేర్చింది, చేరిన ప్రతివారికీ పేరు పెట్టి స్వాగతం చెప్పింది, చేర్చడం కుదరని నంబర్లకు ఆహ్వానం లింకు పంపింది. మేం నిద్ర లేచేసరికి గ్రూపులో ఐదు వందల మందికి దగ్గరగా ఉన్నారు.

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు బి బ్లాకు నుంచి ఒకమ్మాయి సంఘం ఆఫీసుకు వచ్చింది. ఆమె చేతిలో ఉన్నది వాళ్లమ్మగారి ఫోను. ఆ తల్లి ఫిబ్రవరిలో కాలం చేశారు, పదకొండో రోజు భోజనాలకు నేనూ వెళ్లాను. బ్యాంకు పనులు తెమలలేదని, అమ్మ గొంతు రికార్డులు అందులోనే ఉన్నాయని ఆ అమ్మాయి ప్రతి నెలా రీఛార్జ్ చేయిస్తూ ఆ సిమ్‌ను ఉంచుకుంది. ఫోను నా ముందు పెట్టింది. తెర మీద ఆవిడ పేరు, పక్కన "గారూ, మన కుటుంబంలోకి స్వాగతం! మీ గురించి రెండు మాటలు చెప్పండి" అన్న మెసేజ్, దాని కింద ఆవిడ ఎవరో ఎరగని కొత్తవాళ్లు పెట్టిన నమస్కారాలు, పూలగుత్తులు కనిపించాయి. నేను లెక్కపెట్టాను, పద్నాలుగు ఉన్నాయి. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "అమ్మ పేరు తీసేయండి ఆంటీ" అని మాత్రం అంది. చేత్తో నంబర్లు ఎక్కించే రోజుల్లో అయితే ఆ పేరు దగ్గర నా వేలు దానంతట అదే ఆగిపోయేది. నేను భారమనుకున్న ఆ రెండు గంటల పనిలో ఆ ఆగడం కూడా ఒక భాగమని నాకు ఆ పొద్దున అర్థమైంది.

తర్వాతి ఫిర్యాదులు వేరే తరహావి. రెండేళ్ల కిందట ఖాళీ చేసి బెంగళూరు వెళ్లిపోయినవాళ్లు తమను ఎందుకు చేర్చారని అడిగారు. నాలుగు ఫ్లాట్లలో వంట చేసే ఒకావిడ నంబరు గేటు రిజిస్టరు నుంచి వచ్చి గ్రూపులో పడింది, ఆ మర్నాటి నుంచి తమ ఇంట్లో కూడా చేస్తావా అంటూ తెలియనివాళ్లు ఫోన్లు చేశారని ఆవిడ చెప్పింది. ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి అద్దెకుండే ఒక అమ్మాయికి రాత్రి పదకొండు దాటాక ఎవరివో తెలియని నంబర్ల నుంచి "హాయ్" అని మెసేజ్‌లు మొదలయ్యాయి. వాట్సాప్ మామూలు గ్రూపులో ఒకసారి చేరాక మన నంబరు అందులో ఉన్న ప్రతివారికీ కనిపిస్తుందని ఎక్కువమంది పట్టించుకోరు. "నేను నంబరు ఇచ్చింది పార్సిల్ వస్తే వాచ్‌మన్ పిలవడానికి కదా ఆంటీ, ఐదు వందల మందికి ఇవ్వడానికి కాదు కదా" అని ఆ అమ్మాయి అడిగింది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

సోమవారం మధ్యాహ్నానికి సంఘం నంబరును వాట్సాప్ నిలిపివేసింది. మళ్లీ పరిశీలించమని కోరినా ఫలితం లేకపోయింది. నాలుగేళ్ల మెయింటెనెన్స్ రసీదులు, ట్యాంకర్ అతనితో, లిఫ్టు మెకానిక్‌తో నడిచిన మాటలు అన్నీ ఆ నంబరు మీదే ఉన్నాయి. గ్రూపుకు మరో అడ్మిన్ లేకపోవడంతో పొరపాటున చేర్చినవాళ్లను తీసేసే వీలు కూడా మాకు లేకుండా పోయింది. ఆ వారం బోరు చెడిపోతే మూడు బ్లాకుల లిఫ్టుల్లో కాగితాలు అంటించి నీళ్ల సంగతి చెప్పుకున్నాం.

ఇలా నిలిపివేయడం అన్యాయమని మొదట అనుకున్నాను. నిబంధనలు చదివాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. యంత్రంతో మూకుమ్మడిగా మెసేజ్‌లు పంపడాన్ని, అనుమతి లేని సాధనాలతో గ్రూపులు తయారుచేయడాన్ని వాట్సాప్ ఎప్పటినుంచో నిషేధించింది. అలాంటి దుర్వినియోగానికి పాల్పడేవారిపై 2019 డిసెంబర్ 7 నుంచి న్యాయపరమైన చర్యలు కూడా తీసుకుంటామని ముందే ప్రకటించింది. మన దేశంలో 2021 నాటి ఐటీ నిబంధనల కింద ఆ సంస్థ ప్రతి నెలా ఇవ్వాల్సిన నివేదికల్లో లక్షల సంఖ్యలో ఖాతాలు మూసినట్టు కనిపిస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు, మెసేజ్‌లు పంపేటప్పుడు, ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు లేదా బ్లాక్ చేసినప్పుడు తేడాను పసిగట్టే ఏర్పాటు వాళ్లకు ఉంది. మేం ఒక్క రాత్రిలో వందల మందికి ఒకే రకం మెసేజ్ పంపాం, వాళ్లలో చాలామంది బ్లాక్ చేసి ఉంటారు. మా ఉద్దేశం మంచిదని యంత్రానికి ఎలా తెలుస్తుంది? బయటి నుంచి చూస్తే మేం చేసిన పనికీ, మోసగాళ్లు చేసే పనికీ తేడా ఏమీ కనిపించదు.

మోసగాళ్ల మాట ఎందుకన్నానంటే, మా చెల్లెలి భర్త రిటైరైన ఏడాదిలోనే ఒక షేర్ల గ్రూపులో ఉన్నట్టుండి చేర్చబడ్డారు. అందులో నూట యాభై మంది ఉన్నారు, రోజూ ఎవరో ఒకరు ఇవాళ ఇంత లాభం వచ్చిందని బ్యాంకు ఖాతా ఫోటో పెట్టేవారు. ఆయన డబ్బు పెట్టకముందే కొడుకు చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఇలాంటి గ్రూపుల్లో లాభం వచ్చిందని చెప్పేవాళ్లలో చాలామంది ఆ ముఠా మనుషులే అయి ఉంటారని సైబర్ పోలీసులు పదేపదే హెచ్చరిస్తున్నారు. 2025 మొదటి ఆరు నెలల్లో మోసాల కేంద్రాలతో సంబంధమున్న 68 లక్షల ఖాతాలను మూసినట్టు వాట్సాప్ ఆ ఆగస్టులో ప్రకటించింది, మన కాంటాక్టుల్లో లేనివారు గ్రూపులో చేర్చినప్పుడు ముందుగా హెచ్చరిక వివరాలు చూపే ఏర్పాటును కూడా అప్పుడే తెచ్చింది. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలన్న సంగతి పాఠకులకు మరోసారి గుర్తుచేస్తున్నాను, ఎంత త్వరగా చేస్తే ఖాతాలో సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ. మంచి సంస్థలు కూడా అడగకుండా గ్రూపుల్లో చేర్చడం అలవాటు చేస్తే, చెడ్డవాళ్లు చేర్చినప్పుడు జనానికి అది వింతగా తోచదు. మా చెల్లెలి భర్తకు తోచనిది అందుకే. పిల్లల బడి నుంచి వైద్యపరీక్షల కేంద్రం దాకా అందరూ ఆయన్ని అడగకుండానే చేర్చేశారు.

యాప్‌లు తయారుచేసేవారికి ఈ సమస్య తెలియక కాదు. వాట్సాప్‌లో మనల్ని ఎవరు గ్రూపుల్లో చేర్చవచ్చో మనమే నిర్ణయించుకునే సెట్టింగ్ 2019లోనే వచ్చింది. దాన్ని మార్చుకున్నవారిని నేరుగా చేర్చడం కుదరదు, విడిగా ఒక ఆహ్వానం వస్తుంది, మూడు రోజుల్లో ఒప్పుకోకపోతే అది చెల్లదు. కానీ మొదటి నుంచీ అందరి ఫోన్లలో "ఎవరైనా చేర్చవచ్చు" అన్నదే ఉంటుంది. మార్చుకోవాలని తెలిసినవాళ్లకే ఆ రక్షణ దక్కుతుంది. మా 631 నంబర్లలో లింకు పంపాల్సివచ్చినవి తక్కువే, అవి కూడా ఎక్కువగా ఐటీ ఉద్యోగులవి. అరవై దాటినవారిలో దాదాపు అందరూ నేరుగా చేరిపోయారు. సిగ్నల్ యాప్‌లో అయితే పరిచయం లేనివారు గ్రూపులోకి పిలిస్తే మనం ఒప్పుకునేదాకా అది ఆహ్వానంగానే ఉంటుంది, 2024 ఫిబ్రవరి నుంచి మన నంబరు కూడా ఇతరులకు మామూలుగా కనిపించదు. ఒకరు చేయగలిగిన పని మరొకరు చేయలేరని నేను నమ్మను.

యంత్రం సాయం తీసుకుంటూనే మర్యాద నిలుపుకోవడం సాధ్యమేనని టెలిగ్రామ్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ బాట్లను, అంటే మనిషి బదులు తమంతట తామే పనిచేసే ప్రోగ్రాములను, ఆ సంస్థే అనుమతిస్తుంది. కానీ బాట్ తనంతట తాను ఎవరినీ గ్రూపులోకి చేర్చలేదు, తనను ముందుగా పలకరించని మనిషికి మెసేజ్ మొదలుపెట్టలేదు. అది చేయగలిగింది లింకు తయారుచేయడం. ఆ లింకు ఏ రోజుదాకా పనిచేయాలో, ఎంతమందిని అనుమతించాలో ముందే చెప్పవచ్చు. లింకు నొక్కినవారు చేరతామని అర్జీ పెట్టుకునేలా చేసి, జాబితాలో ఉన్న ఫ్లాటు నంబరు చెప్పినవారిని బాట్ ఒప్పుకునేలా, మిగతావారిని మనిషి చూసేలా ఏర్పాటు చేయవచ్చు. నాలాంటివారి ఆదివారాలు మిగిలేది నిజానికి ఇక్కడే. అడగడం, గుర్తుచేయడం, సరిచూడడం యంత్రం చేస్తుంది, అడుగు లోపల పెట్టేది మాత్రం మనిషే.

లింకులకు కూడా జాగ్రత్త కావాలి. బహిరంగంగా పెట్టిన వాట్సాప్ గ్రూపు లింకులు గూగుల్ వెతుకులాటలో దొరుకుతున్నాయని 2020 ఫిబ్రవరిలో బయటపడింది. లింకు ఎవరి చేతికి చిక్కితే వాళ్లు లోపలికి రాగలరు కాబట్టి, అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా పెట్టడం, అప్పుడప్పుడు పాత లింకును రద్దుచేసి కొత్తది తీయడం తప్పనిసరి.

చట్టం సంగతికి వస్తే, గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలను 2025 నవంబర్‌లో నోటిఫై చేసి, ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికని స్పష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కు తీసుకునే వీలుండాలని ఆ చట్టం చెబుతోంది. సమ్మతి కోరే మాటలను ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో దేనిలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలని కూడా అందులో ఉంది. అంటే తెలుగులో అడగమని కోరే హక్కు మనకుంది. ఇదంతా పెద్ద కంపెనీల కోసమని మా కమిటీలో కొందరు అన్నారు. కానీ సొంత, ఇంటి అవసరాలకు చట్టం ఇచ్చిన మినహాయింపు విడి మనిషికే, బాధ్యత వహించాల్సిన 'వ్యక్తి' అన్న నిర్వచనంలో మాత్రం వ్యక్తుల సంఘాలను కూడా చేర్చింది. పార్సిల్ కోసం ఇచ్చిన నంబరు గ్రూపుకు పనికిరాదని ఆ అమ్మాయి నాతో అన్న మాటా, చట్టం అంటున్న మాటా ఒకటేనని అది చదివినప్పుడు గ్రహించాను. ఫోన్ కాల్స్, ఎస్సెమ్మెస్‌ల ద్వారా వచ్చే వ్యాపార ప్రకటనలు వద్దనుకుంటే 1909కి చెప్పి ఆపించుకోవచ్చు, యాప్‌లలోని గ్రూపులకు అలాంటి ఒక్క నంబరు లేదు.

ఇప్పుడు మేం చేస్తున్నది చెబుతాను. కొత్త సిమ్ తీసుకున్నాం, ఈసారి ముగ్గురు అడ్మిన్లను పెట్టాం. వాట్సాప్‌లో 2022 చివర వచ్చిన కమ్యూనిటీ ఏర్పాటును వాడుతున్నాం, అందులోని ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. క్యూఆర్ కోడ్ ముద్రించి ప్రతి బ్లాకు లిఫ్టు పక్కనా, మెయింటెనెన్స్ రసీదు మీదా పెట్టాం. దాని కింద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఈ గ్రూపులో ఏం వస్తుందో, చేరకపోయినా నీళ్లు, కరెంటు కబుర్లు నోటీసు బోర్డులో ఉంటాయని రాశాం. స్కాన్ చేసినవారి అర్జీ వస్తుంది, ఫ్లాటు నంబరు సరిచూసి ఒప్పుకుంటాం. కంప్యూటర్ చేసే పని కూడా ఉంది. కొత్తగా దిగినవారు ఫారంలో "గ్రూపు వివరాలు పంపండి" అన్న గడిలో విడిగా టిక్ పెడితే, వారికి ఆ లింకు ఒక్కసారి ఈమెయిల్‌లో వెళుతుంది, ఖాళీ చేసినవారి పేరు నెలాఖరున నాకు గుర్తుచేస్తుంది. పిలవడానికి అంత చాలు. మన ఇళ్లలో పేరంటానికి బొట్టు పెట్టి పిలుస్తాం, రావడం రాకపోవడం వాళ్ల వీలుకే వదిలేస్తాం. రాని ఇంటికి తాంబూలం మనమే పంపిస్తాం గానీ, వాళ్లను చేయి పట్టుకుని లాక్కురాము.

ఇలా చేస్తే ఎవరూ చేరరని మా కోశాధికారి గారు మొదట వాదించారు. నెల తిరిగేసరికి 214 ఇళ్లలో 163 ఇళ్లవాళ్లు చేరారు. వద్దన్నవాళ్లలో ఎక్కువమంది పెద్దవారు, వాళ్లకు ఇంటర్‌కమ్‌లో చెబుతున్నాం. ముందున్న ఐదు వందల మంది గ్రూపులో రోజుకు నలుగురైదుగురు చెప్పకుండా వెళ్లిపోయేవారు, ఈ గ్రూపు నుంచి ఇంతవరకూ వెళ్లినవారు ఇల్లు ఖాళీ చేసినవారే. బడులకు, క్లినిక్కులకు ఇంత ఓపిక ఉండదని అంటారేమో. అడ్మిషన్ ఫారంలో గ్రూపు కోసం విడిగా ఒక గడి పెట్టడానికి ఓపికతో పనేముంది? తల్లిదండ్రుల నంబర్లు అందరికీ కనిపించని గ్రూపు పెట్టడానికి ఖర్చేముంది?

కాబట్టి మీ పత్రిక ద్వారా కొన్ని విన్నపాలు చేసుకుంటున్నాను. యాప్ సంస్థలు "ఎవరైనా చేర్చవచ్చు" అన్నదాన్ని మొదటి ఎంపికగా ఉంచడం మానాలి, వాట్సాప్ దీన్ని మార్చితే కోట్లాది మందికి ఒక్క రోజులో రక్షణ దొరుకుతుంది. రాష్ట్ర విద్యాశాఖ బడులకు, కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు ఫారాల్లో నంబరు తీసుకునేటప్పుడు గ్రూపు కోసం విడిగా, తెలుగులో కూడా అడగాలని ఉత్తర్వు ఇవ్వాలి. అపార్ట్‌మెంట్ సంఘాల తోటి కార్యదర్శులు గేటు రిజిస్టరును గ్రూపు జాబితాగా వాడవద్దు, ఉచితంగా దొరికే ఎక్స్‌టెన్షన్లకు సంఘం నంబరును అప్పగించవద్దు, మరణించినవారి పేర్లు జాబితా నుంచి తీసే పని ఎవరో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.

చివరిగా మీకే ఒక విన్నపం. వాట్సాప్‌లో సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీలోకి వెళ్లి, గ్రూప్స్ అన్నచోట "మై కాంటాక్ట్స్" ఎంచుకుంటే తెలియనివాళ్లు మనల్ని నేరుగా చేర్చలేరు. ఇది అర నిమిషం పని. మా బ్లాకుల్లో పెద్దవాళ్లకు నేనే ఇంటింటికీ తిరిగి మార్చిపెట్టాను, చాలామంది అద్దాలు పెట్టుకుని, ఇది ఎక్కడుందో పేపర్లో వేస్తే కత్తిరించి దాచుకుంటాం కదమ్మా అన్నారు. ఆ మెట్లను తెర బొమ్మలతో సహా, పెద్ద అక్షరాల్లో, మీ హైదరాబాద్ పేజీలో ఒక ఆదివారం ప్రచురించగలరని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి,
నిజాంపేట, హైదరాబాద్